డాక్టరమ్మ కారులో వేడి ముల్లు

రైలింజనులో డ్రైవరు కళ్లెదుట ఉండే ప్రెషర్ గేజిని చూసినవాళ్లు చాలామంది ఉంటారు. దాని వెనక మూత విప్పి చూసినవాళ్లు తక్కువ. లోపల ఏదో పెద్ద యంత్రాంగం ఉంటుందనుకుంటారు. ఏమీ ఉండదు. కొడవలిలా వంగిన ఒక ఇత్తడి గొట్టం, దాని కొసకి చిన్న కడ్డీ, ఒక పళ్లచక్రం, చక్రానికి ముల్లు. అంతే. గొట్టంలోకి ఆవిరి ఒత్తిడి చేరగానే ఆ వంపు రవ్వంత సాగుతుంది. ఆ రవ్వంత సాగడమే ముల్లును తిప్పుతుంది. అంత బండినీ లాగే ఆవిరి బలం ఎంతో డ్రైవరుకి చెప్పేది ఆ గొట్టమే.

బిలాస్‌పూర్ లోకో షెడ్డులో నా ఉద్యోగం సగానికి పైగా ఈ గేజిలు పరీక్షించే బల్ల దగ్గరే గడిచింది. డీజిలు ఇంజన్ల కాలంలో పనిలో చేరిన మీకు అదేం గొప్ప పనని అనిపించవచ్చు. నాకూ చాలా ఏళ్లు అలాగే అనిపించింది. ఇంజను మీంచి విప్పిన గేజి వస్తుంది. బల్ల మీద బిగిస్తాను. సరిగ్గా చూపిస్తే పంపేస్తాను, తప్పు చూపిస్తే సరిచేసి పంపిస్తాను. పొద్దున్న లేచి మొహం కడుక్కున్నంత మామూలుగా చేసేవాణ్ణి. నా పనిని చూసి నాకే ఒళ్లు జలదరించిన రోజు ఒకటుంది. ఆ రోజు నేను చేసినది రైల్వే పని కాదు. ఆ ఇంజను రైలింజనూ కాదు. ఒక ముసలి మోటారు కారుది.

అవి యుద్ధం రోజులు. ఊళ్లో ఆడవాళ్ల కోసం ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. దాన్ని నడిపే డాక్టరమ్మది గోదావరి వైపు. ఎందుకు ఇంత దూరం వచ్చారో, తనవాళ్లు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు. మా రైల్వే క్వార్టర్లలోని తెలుగు ఆడవాళ్లందరికీ ఆవిడే దిక్కు. నా పిల్లలిద్దరూ ఆవిడ చేతుల్లోనే పుట్టారు. ఎవరో దొర స్వదేశం వెళ్లిపోతూ ఆసుపత్రికి ఇచ్చేసిన పాత కారు ఒకటి ఆవిడకి ఉండేది. పల్లెల్లో కాన్పు కష్టమైందని కబురొస్తే అందులోనే వెళ్లేవారు.

ఆ కారు నడిపేవాడు మా క్వార్టర్ల వరసలో ఉండే ఒక ఫైర్‌మన్ తమ్ముడు. శ్రీకాకుళం వైపు వాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు గాని మొదటి రోజు నుంచీ నన్ను బావా అనే పిలిచేవాడు, నేనూ వాణ్ణి బావా అనే పిలిచేవాణ్ణి. ఒక సాయంత్రం వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"బావా, నీకు గేజీల పని తెల్సు కదేటి? మా కారుకో గేజీ ఉంది. సచ్చిపోనాది. ఓపాలి వొచ్చి సూడు."

"ఏటి సూపిస్తాది అది?"

"ఇంజన్లో నీళ్లెంత మరిగినాయో సూపిస్తాది. ఇప్పుడేటీ సూపించదు. ముల్లు అడుక్కి పడుకుండిపోనాది."

నాకు కార్ల సంగతి తెలియదని చెప్పాను. "గేజీ గేజీయే కదేటి!" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

నా రెస్టు రోజున వెళ్లాను. నేను బోనెట్టు ఎత్తి చూస్తూండగా డాక్టరమ్మే బయటకి వచ్చారు. నన్ను కూర్చోమని ఒక బల్ల వేయించి, తాను నిలబడే మాట్లాడారు.

"మేస్త్రి గారూ, ముల్లు పనిచేయకపోతే ఏం, కారు నడుస్తోంది కదా అనుకుంటారేమో. రేడియేటరు పాతదండి. కొత్తది ఈ యుద్ధంలో దొరకదు. ఒకసారి నీళ్లు తగ్గిపోయి ఇంజను తిరగకుండా పట్టేసింది. అప్పట్నించీ మా డ్రైవరుకి భయం. అతన్ని తప్పు పట్టను. ఎక్కడ పడితే అక్కడ ఆపి, మూత మీద గోనె వేసి తిప్పి, ఆవిరి పోయేదాకా నిలబడి నీళ్లు చూసుకోవాలి. మొన్న చకర్‌భాటా అవతల ఒక పల్లెకి వెళ్లాం. మేం దిగేసరికే ఏడుపులు వినిపించాయి. ఇంకాస్త ముందు వెళ్తే ఆ పిల్ల బతికేదని నేను చెప్పలేను. బతికేది కాదనీ చెప్పలేను. ఈ రెండో మాటే నన్ను వదలడం లేదు."

లోపలికి వెళ్లిపోయారు. నేను గేజి విప్పడం మొదలుపెట్టాను.

ముల్లు ఎక్కడో పట్టేసి ఉంటుందని నా మొదటి ఊహ. వెనక మూత తీశాను. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. లోపల ఉన్నది మా రైలింజను గేజిలోని గొట్టమే! అదే కొడవలి వంపు, అదే కడ్డీ, అదే పళ్లచక్రం. కాకపోతే అంతా నా బొటనవేలి గోరు మీద పట్టేటంత. వేడిని చూపించే గేజి అనుకున్నది నిజానికి ఒత్తిడిని చూపించే గేజే. దాని నుంచి వెంట్రుక కంటే కాస్త లావు రాగి గొట్టం ఒకటి బయల్దేరి, ఇంజను పక్క నుంచి పాక్కుంటూ వెళ్లి, రేడియేటరు పైతొట్టిలోకి దిగింది. తొట్టి లోపల దాని చివర చూపుడు వేలంత రాగి బుడ్డి ఉంది. ఆ బుడ్డిలో ఏదో ఉండాలి. అది వేడెక్కితే ఒత్తిడి పుట్టాలి. ఆ ఒత్తిడి సన్నగొట్టం గుండా వచ్చి వంపు గొట్టాన్ని సాగదీయాలి. సన్నగొట్టాన్ని వేళ్లతో తడుముకుంటూ వెళ్తే, ఒక చోట రేకు అంచుకి రాసుకుని రాసుకుని తెగిపోయి ఉంది. లోపల ఉన్నదేదో ఎప్పుడో ఎగిరిపోయింది.

జబ్బు దొరికింది. ఇక మందు తేలికే అనుకున్నాను.

మా షెడ్డులో రాగిపని చేసే పెద్దాయన ఒకరుండేవారు. నాగపూర్ వైపు ముసల్మాను. ఆయన చేతిలో పడితే రాగి వెన్నలా లొంగేది. తెగిన చోట అతికించి ఇచ్చారు. నేను ఆవిరి ఇంజన్ల మనిషిని కదా, నా బుర్రలో ముల్లును తిప్పేది నీళ్లే. బుడ్డిలో నీళ్లు నింపి మూసి, మరుగుతున్న కెటిలులో ముంచాను. ముల్లు కాస్త వణికి, అడుగునే నిలబడిపోయింది. పెద్దాయన నవ్వు ఆపుకోలేక బీడీ పారేశారు.

"నీళ్లు మరిగే లోపలే కబురు చెప్పాల్సింది ఇది. నీళ్లనే నింపితే అది మరిగాక గాని చెప్పదు కదా భాయ్!"

ఆయన హిందీలో అన్న ఆ మాట నా కళ్లు తెరిపించింది. నీళ్ల కంటే ముందే మరిగేది ఏదో కావాలి. అదేమిటో మా ఇద్దరికీ తెలియదు. షెడ్డు ఫోర్‌మన్ ఆంగ్లో ఇండియన్. సొంతానికి ఒక మోటారు సైకిలు ఉండేది, దాన్ని ప్రతి ఆదివారం విప్పి మళ్లీ బిగించడమే ఆయన సరదా. ఆయన్ని అడిగితే తల కూడా ఎత్తకుండా "ఈథర్" అన్నారు. అదెక్కడ దొరుకుతుందంటే, "డాక్టర్లని అడుగు" అన్నారు.

నేను వెళ్లి అడిగితే డాక్టరమ్మ నావైపు వింతగా చూశారు. "కారుకి ఈథరా?" అన్నారు. చెప్పాను. ఆవిడ మొహంలో నవ్వు చూడటం నాకదే మొదలు.

"ఆపరేషనుకి ముందు మనిషిని నిద్రపుచ్చేది దీంతోనేనండి. చెయ్యి పట్టండి."

రంగు సీసా తెరిచి నా అరచేతిలో ఒక చుక్క వేశారు. చల్లగా, తియ్యగా, తల తిరిగేటట్టు ఒక వాసన. చుక్క నా చేతిలో ఉన్నట్టే ఉండి, చూస్తూండగానే లేదు. అది ఉన్న చోట మంచుముక్క పెట్టినంత చలి.

"మీ ఒంటి వేడి చాలు దీన్ని మరిగించడానికి. నిప్పు దగ్గరికి గాని తెచ్చారా, ఈ వరండా ఉండదు," అన్నారు.

నేను అరచేతినే చూసుకుంటూ నిలబడ్డాను. అంత వేడి బాయిలర్ల మధ్య బతుకుతూ, మనిషి చేతి వేడికే మరిగిపోయే నీరొకటి ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియలేదు.

నింపే పని ఆసుపత్రి వరండాలోనే పెట్టుకున్నాం. నిప్పుతో చేసే అతుకులన్నీ పెద్దాయన ముందే ఇంటి దగ్గర ముగించుకుని వచ్చారు. బుడ్డికి సన్నటి రాగి తోక ఒకటి అతికించి, దాని కొస తెరిచి ఉంచారు. బావ స్టేషను నుంచి రంపపు పొట్టులో చుట్టిన మంచుగడ్డ తెచ్చాడు. దాన్ని పగలగొట్టి ఉప్పు కలిపి, బుడ్డిని అందులో పాతిపెట్టాం, లోపలి ఈథరు మరిగి పారిపోకుండా. డాక్టరమ్మ వచ్చి అందరి చేతుల వంకా చూశారు.

"బీడీలు, అగ్గిపెట్టెలు అన్నీ గేటు బయట పెట్టి రండి."

పెద్దాయన వెళ్లి పెట్టి వచ్చారు. డాక్టరమ్మ ఇంజక్షను సూదితో ఈథరు తీసి, రాగి తోక కొసలో సూది దూర్చి, చుక్క చుక్కగా లోపలికి వదిలారు. పసిపిల్లకి మందు పోసేటప్పటి ఓపిక అది. ఆవిడ సూది తీయగానే పెద్దాయన పటకారుతో తోకని నొక్కి, మడిచి, మళ్లీ నొక్కి చదును చేశారు. ఇద్దరి చేతులూ ఎప్పటినుంచో కలిసి పనిచేస్తున్నట్టు ఒకదాని వెంట ఒకటి కదిలాయి.

తర్వాత కెటిలు తెప్పించాం. బుడ్డిని నీళ్లలో ముంచి పట్టుకున్నాను. ముల్లు ముందు కదల్లేదు. బావ "ఏటి?" అన్నాడు. ఇంతలో లేచింది. తొందర లేకుండా, ఆగకుండా, ఎవరో లోపలి నుంచి వేలితో నెడుతున్నట్టు లేచి, నీళ్లు మరిగే గీత మీద నిలబడింది. బుడ్డిని బయటకి తీస్తే దిగింది, ముంచితే ఎక్కింది. పెద్దాయన "సుభానల్లా" అని గొణిగారు. నా ఉద్యోగంలో ఎన్నో ముళ్లు లేవడం చూశాను. ఒకదాన్ని మొదటి నుంచి చివరి దాకా కన్నార్పకుండా చూడటం మాత్రం ఆ రోజే.

గేజిని తిరిగి కారుకి బిగిస్తూంటే బావ తన ఇంజను గొప్ప నాకు చెప్పాడు.

"దీనికి నీళ్లు తిప్పే పంపు నేదు బావా. తెల్సా?"

"మరి నీళ్లెలగ తిరుగుతాయి?"

"వాటికవే తిరుగుతాయి. ఏడెక్కిన నీళ్లు పైకెక్కి ఈ పైతొట్టిలోకి వొస్తాయి. సల్లబడి కిందకి దిగి, అడుగు గొట్టంలోంచి మల్లీ ఇంజన్లోకెల్తాయి. ఎవుడూ నెట్టక్కర్లేదు."

నేను నమ్మలేదు. ఇంజను నడిపించి, నా చెయ్యి పట్టుకుని పైతొట్టి మీద పెట్టాడు. కొంతసేపటికి ఆ చల్లటి రేకు నా చేతికింద మెల్లగా వెచ్చబడింది. లోపల నీళ్లు తమంతట తాము నడిచి వచ్చేశాయి. షెడ్డులో నీళ్లు తోసే పంపుల మధ్య పనిచేసేవాణ్ణి నేను. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

ఎండలు ముదిరాక ఒక ఉదయం బావ క్వార్టరు ముందు కారు ఆపి హారను కొట్టాడు. రతన్‌పూర్ దాటి కర్గీ రోడ్ స్టేషను వైపు చీలే అడవి దారిలో ఒక పల్లె. నిన్నటినుంచీ నొప్పులు పడుతోందట ఒకామె. ఆమె మొగుడు రాత్రంతా నడిచి ఆసుపత్రికి వచ్చాడు. గేజి పెట్టాక కారుకి అదే మొదటి దూరప్రయాణం. "మీరూ వస్తే నాకు ధైర్యం," అన్నారు డాక్టరమ్మ. ఆ రోజు నాకు డ్యూటీ లేదు. ఎక్కాను.

వెళ్లేటప్పుడు దారిలో ఎక్కడా ఆగలేదు. ముల్లు మధ్యకి ఎక్కి అక్కడే ఉంది. బావ రోడ్డు కంటే దాన్నే ఎక్కువ చూశాడు. "ఏం బావా, ఇన్నాల్లూ భయపడీవోడ్నేటి!" అని తనలో తనే నవ్వుకున్నాడు.

పల్లెలో డాక్టరమ్మ గుడిసెలోకి వెళ్లి, కాసేపటికే బయటకి వచ్చారు. "బిడ్డ అడ్డం తిరిగింది. ఇక్కడ నేనేం చేయలేను. ఆసుపత్రికి తీసుకెళ్లి కోయాలి," అన్నారు. ఆమెని నులకమంచం మీద మోసుకొచ్చి వెనక సీటులో పడుకోబెట్టారు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. చీర కొంగు పళ్ల మధ్య పెట్టుకుని, గట్టిగా అరవడం కూడా లేదు. డాక్టరమ్మ కింద మోకాళ్ల మీద కూర్చుని ఆమె పొట్ట మీద చెయ్యి ఉంచారు. మొగుడు కాలిమెట్టు మీద నిలబడ్డాడు. బయల్దేరాం.

సాల చెట్ల మధ్య దారి ఎత్తుగా ఉన్న చోట ముల్లు కాస్త ఎక్కువకి ఎక్కింది. అది సహజమే. అక్కడి నుంచి చదునుగా వచ్చాం. అప్పుడు, నేను చూస్తూండగానే, ముల్లు దిగడం మొదలుపెట్టింది. మధ్యకి వచ్చింది, అక్కడ ఆగలేదు. ఇంకా దిగింది.

"ఇంజను సల్లబడిపోనాది," అన్నాడు బావ సంతోషంగా.

ఆ ఎండలో, ఆ బరువుతో, ఆ వేగంతో పోతూంటే ఇంజను చల్లబడటమేమిటి? నా అతుకు పోయింది, ఈథరు కారిపోతోంది అనుకున్నాను. పైకి అదే అన్నాను.

"అలగయితే దాన్ని ఒగ్గీ బావా," అన్నాడు వాడు. "పాడయిపోయిన ముల్లుని నమ్మి ఆపితే ఈ పిల్ల దారిలో పోద్ది. బేగెల్లిపోదుం."

వాడి మాటలో న్యాయం ఉంది. చెడిన గేజి కోసం ఆగడం అంత తెలివితక్కువ పని లేదు. కాని చెడిందని నాకెలా తెలుసు? ఆ క్షణంలో నా అరచేతిలో మాయమైన చుక్క గుర్తుకొచ్చింది. ఈథరు ఎగిరిపోయినా ఊరికే పోదు. వెనక్కి తిరిగాను.

"అమ్మా, మీకు ఈథరు వాసనొస్తోందా?"

డాక్టరమ్మ తలెత్తారు. ఆ వాసన మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ముందుకి వంగి, గేజి దగ్గర మొహం పెట్టి, కళ్లు మూసుకుని పీల్చారు. బోనెట్టు మీంచి వచ్చే వేడిగాలి మా మొహాలకి కొడుతోంది.

"లేదు. రవ్వంత కూడా లేదు. ఈథరు కారుతూంటే నాకు తెలియకుండా ఉండదు. కాని ఇంకేదో కాలుతున్న వాసన. రబ్బరు లాంటిది."

అయితే బుడ్డి బాగానే ఉంది. అయితే ముల్లు నిజమే చెబుతోంది. పైతొట్టి నిజంగానే చల్లబడింది. చల్లబడిందంటే వేడినీళ్లు అక్కడికి రావడం లేదు. నీళ్లు తమంతట తాము నడిచే ఇంజనులో నీళ్లు నడవడం మానేశాయి. నడవడానికి నీళ్లే లేవేమో!

"ఆపు బావా! ఆపీ!"

"ఆపితే మల్లీ లేవదేమో!"

"ఆపండి," అన్నారు డాక్టరమ్మ.

వాడు ఆపాడు. దిగి పైతొట్టి మీద చెయ్యి వేశాను. గోరువెచ్చగా ఉంది, అంతే. పక్కనే ఇంజను తల మీద బావ, కారులో ఉంచుకునే ఇత్తడి బిందె అడుగున మిగిలిన నీటిచుక్క చిలకరిస్తే, పెనం మీద పడినట్టు చుయ్యిమని ఎగిరిపోయింది. జానెడు దూరంలో ఒకటి చల్లగా, ఒకటి కాలిపోతూ! కింద చూస్తే అడుగు రబ్బరు గొట్టం బిగింపు దగ్గర పగిలి, నీళ్లన్నీ దారి పొడుగునా కారిపోయాయి. బావ వంగి ఆ పగులు చూశాడు.

"ఇంకో మైలు ఎల్తే ఇంజను పట్టీసును బావా," అన్నాడు మెల్లగా. "ఇక్కడే ఉండిపోదుం."

కాలిమెట్టు మీంచి దిగిన మొగుడు "కా హోగే?" అని అడుగుతున్నాడు, ఏమైందని. డాక్టరమ్మ నీళ్లు కావాలని చెప్పారు. అతను ఆ బిందె తీసుకుని చెట్ల మధ్యకి పరుగెత్తాడు. వేసవిలో ఎండిన వాగు ఇసకలో గుంట తవ్వి ఊరే నీళ్లు పట్టుకుంటారు వాళ్లు. ఆ గుంటని ఝిరియా అంటారు. రాత్రంతా నడిచి వచ్చిన మనిషి, ఆ ఎండలో, ఎక్కడ తవ్వాలో వెతుక్కోకుండా నేరుగా వాగులోకి దిగి చేతులతో ఇసక తోడుతూంటే చెట్ల సందుల్లోంచి కనిపించాడు. బిందె నిండా అద్దంలాంటి నీళ్లతో వచ్చాడు.

ఈలోగా బావ కారు కిందకి దూరాడు. డాక్టరమ్మ తన సంచిలోంచి ప్లాస్టరు పట్టీ చుట్ట తీసి ఇచ్చారు. వాడు పగిలిన గొట్టాన్ని దాంతో వరస మీద వరస చుట్టి, పైన రాగి తీగ బిగించాడు. చెయ్యి కాలినా ఆపలేదు. పైకి లేస్తూనే బిందె అందుకోబోయాడు. నేను పట్టుకున్నాను.

"ఇప్పుడే పొయ్యకు బావా. కాలిన ఇనుము మీద సన్నీళ్లు పడితే పగిలిపోద్ది. మా బాయిలర్ల కాడ సూసినాను."

"ఎంతసేపు ఆగాలి?" అని లోపలి నుంచి డాక్టరమ్మ అడిగారు.

"ఇంజను మీద చెయ్యి ఆనేదాకా అమ్మా."

ఆవిడ ఒక్క క్షణం ఆ పిల్ల మొహం చూశారు. "సరే. మీరు దాన్ని చూసుకోండి. నేను ఈమెని చూసుకుంటాను," అన్నారు.

అంత బరువైన నిరీక్షణ నేను మళ్లీ ఎరగను. ఆ పిల్లకి నొప్పి వచ్చినప్పుడల్లా కారు మొత్తం కదిలేది. డాక్టరమ్మ గొంతు మాత్రం మారలేదు. ఛత్తీస్‌గఢీలో ఏదో చెబుతూనే ఉన్నారు, మెల్లగా, ఇంటి దగ్గర కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు. ఆ పిల్ల ఒకసారి "డాక్టరిన్ దాయీ", అంటే డాక్టరమ్మా అని పిలిచి ఆవిడ మణికట్టు పట్టుకుంది. మొగుడు ఆకులతో విసురుతున్నాడు. నేను ఇంజను తల మీద చెయ్యి పెడతాను, తీస్తాను, మళ్లీ పెడతాను. ఇనుము చల్లబడటానికి దాని సమయం దానికి ఉంటుంది. ఎవరు చచ్చిపోతున్నా అది తొందరపడదు.

చివరికి చెయ్యి ఆనింది. కొంచెం కొంచెంగా నీళ్లు పోశాం. బావ కిందకి వంగి కట్టు తడుముకుని, కారడం లేదన్నాడు. హ్యాండిలు వేసి తిప్పాడు. మొదటిసారి లేవలేదు. రెండోసారి ఒళ్లంతా బలం పెట్టి తిప్పితే లేచింది. ఎక్కి కూర్చుని, ఇద్దరం ముల్లు వంకే చూశాం. అది అడుగునే ఉంది. చాలాసేపు అక్కడే ఉంది. ఇంతలో రవ్వంత కదిలింది. తర్వాత మెల్లగా, తన తోవ తనకి తెలిసినట్టు ఎక్కింది. నీళ్లు మళ్లీ నడుస్తున్నాయి. బావ కళ్లు తుడుచుకున్నాడు. చెమటే అన్నాడు.

రతన్‌పూర్‌లో ఆగి ఇంకో బిందె పోసుకున్నాం. మళ్లీ ఎక్కడా ఆగలేదు. పొద్దు వాలకముందే ఆసుపత్రి గేటులోకి వచ్చాం. ఆమెని లోపలికి మోసుకెళ్లారు, తలుపు మూసుకుంది. మేం ముగ్గురం వరండా మెట్ల మీద కూర్చున్నాం. దీపాలు పెట్టే వేళకి లోపల ఒక సన్నటి ఏడుపు, పిల్లి కూతలా మొదలై, ఒకసారి ఆగి, ఇక ఆగకుండా సాగింది. మొగుడు లేచి నిలబడ్డాడు. డాక్టరమ్మ తలుపు తీసి అతనితో మాత్రమే మాట్లాడారు. ఆడపిల్ల. తల్లి బతికింది.

ఆవిడ వరండా స్తంభానికి ఆనుకుని కాసేపు కళ్లు మూసుకున్నారు. పొద్దున్నించీ ఏమీ తినని మనిషి. ఆ చేతులు ఆ రోజు చేసిన పని తలుచుకుంటే, మేం చేసిన పని చెప్పుకోవడానికే సిగ్గేసింది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి వెళ్తూ ఆసుపత్రి మీదుగా వెళ్లాను. బావ కారు తుడుస్తున్నాడు. పక్కనే ఆ మొగుడు. నన్ను చూడగానే వచ్చి, బావతో ఏదో అన్నాడు.

"నిన్న మనకి కబురు సెప్పినది ఏదో సూపించమంటన్నాడు బావా," అన్నాడు వాడు.

తలుపు తీసి గేజి చూపించాను. చల్లటి ఇంజను. ముల్లు అడుగున ఉంది. అతను వంగి చూసి, ఇదేనా అన్నట్టు నా మొహం చూశాడు. అంత చిన్న అద్దం, అందులో గడ్డిపోచంత ముల్లు. అతను నమ్మలేదు. నేనైనా నమ్మేవాణ్ణి కాదు. బావ హ్యాండిలు తీసుకుని ముందుకి వెళ్లాడు. ఇంజను లేచింది. ముగ్గురం ఆ తలుపు దగ్గర తలలు ఆనించుకుని నిలబడ్డాం.

ముల్లు కదిలింది.

"ఏ తో జీయత్ హే," అన్నాడతను.

"దీనికి పేనముందంటన్నాడు," అన్నాడు బావ.

అది ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు. ప్రతి అతుకూ తెలుసు. అయినా కాదని చెప్పబుద్ధి కాలేదు. ముల్లు ఎక్కి ఎక్కి తన చోటికి చేరి నిలబడేదాకా చూశాం. నిలబడ్డాక కూడా చూశాం. యుద్ధం రోజుల్లో రేషను పెట్రోలు అది. ఊరికే ఇంజను నడిపితే డాక్టరమ్మ ఊరుకునే మనిషి కాదు. శబ్దం విని వరండాలోకి వచ్చారు. మమ్మల్ని చూశారు. ఇంజను ఆపమంటారనుకున్నాను. మెట్లు దిగి వచ్చి, మా వెనక నిలబడి, మా తలల మీదుగా ఆవిడ కూడా తొంగి చూశారు.